తాళం వేసిన పాత ఇంట్లో కుక్క పేలు: అడుగు పెట్టగానే కాళ్ళకి పట్టేస్తున్నాయి, ఏం చేయాలండి?

పెంకుటిల్లు (అంబాజీపేట)

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. తాతగారి పెంకుటిల్లు సంక్రాంతి అయ్యాక తాళం వేసేం, మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు. శ్రావణంలో పిన్ని కూతురి పెళ్ళని మొన్న అందరం దిగేం. తలుపు తీసి నడవ దాటేమో లేదో, నాన్నగారి తెల్లపంచె అంచు మీద గోధుమరంగు పురుగులు పాకుతున్నాయి. రెండు మిల్లీమీటర్లు ఉంటాయేమో, రెండు పక్కలా నొక్కేసినట్టు సన్నగా ఉన్నాయి. పట్టుకోబోతే చటుక్కున ఎగిరిపోతున్నాయి. వేళ్ళ మధ్య నలిపినా చావట్లేదు, గోటి మీద గోరు పెట్టి నొక్కితేనే చస్తున్నాయి. సాయంత్రానికి పిల్లలకి మోకాళ్ళ కింద ఎర్రటి దద్దుర్లు, ఒకదాని పక్కన ఒకటి వరసగా.

మాకు అర్థం కానిది ఒకటే. ఇంట్లో కుక్క లేదు, పిల్లీ లేదు. వేసవిలో ఒక పిల్లి వెనక వసారాలో గోనెసంచుల మీద పిల్లల్ని పెట్టిందనీ, అవి పెరిగి ఎటో వెళ్ళిపోయి చాన్నాళ్ళయిందనీ పక్కింటి మామ్మగారు చెప్పేరు. మరి మనిషీ జంతువూ లేని ఇంట్లో ఇవి ఏం తిని బతికేయి? పెళ్ళికి చుట్టాలు వస్తారు, సగం మందికి నేల మీదే పక్కలు. ఊళ్ళో ఒకాయన పొలానికి కొట్టే మందు తెచ్చి ఇల్లంతా కొట్టేద్దాం అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పూతరేకు (ఆత్రేయపురం)

అవి కుక్క పేలేనండి. కొందరు ఫ్లీలు అంటారు. తలలో పేలు వేరు, ఇవి వేరు. మా అత్తగారు ఏటా వానాకాలం మొదట్లో కుంపట్లో నిప్పులు వేసి, పచ్చి వేపాకు, సాంబ్రాణి, కొద్దిగా ఆవపిండి వేసి గదులన్నీ మూసి పొగ పెట్టేవారు. తర్వాత పసుపునీళ్ళతో కడిగేవారు. మీరు కూడా పెట్టి చూడండి. ఇల్లు కొంత శుభ్రమయినట్టయినా ఉంటుంది.

పాతకాలం (తణుకు)

పొగకి లొంగవమ్మా ఇవి. మా రోజుల్లో గమాక్సిన్ పొడి గోడవార చల్లేవాళ్ళం, ఒక్కటి మిగిలేది కాదు. అది దొరక్కపోతే నువాన్ నీళ్ళలో కలిపి కొట్టి ఒక పూట తలుపులు మూసెయ్యండి.

పశువైద్యం (పాలకొల్లు)

పాతకాలం గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. ఆ రెండూ ఇప్పుడు వాడకూడదండి. గమాక్సిన్ అంటే బి.హెచ్.సి., దాన్ని మన దేశంలో 1997లోనే నిషేధించేరు. అదే జాతి లిండేన్ 2013లో ఆగిపోయింది. నువాన్‌లో ఉండేది డైక్లోర్‌వాస్, 2020 డిసెంబరు ఆఖరుతో దానికీ తెర పడింది. ఎక్కడో అటక మీద పాత సీసా మిగిలి ఉంటే మూత కూడా తీయొద్దు. చంటిపిల్లలు పాకే నేల మీద, మూసిన గదిలో కొట్టే మందు కాదది. పొలం మందు మాట అసలే వద్దు. మోనోక్రోటోఫాస్, గుళికల మందు ఇంట్లో చల్లి ఆసుపత్రి పాలయిన కుటుంబాలు నా సర్వీసులో నాకు తెలుసు.

నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యేను. పెంకుటిల్లు గారి సందేహం చాలామందికి ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మనకి కనపడేవి, కుట్టేవి పెద్ద పురుగులు. ఇల్లంతా ఉన్న సంతతిలో అవి ఏ ఇరవయ్యో వంతో ఉంటాయి. మిగతాదంతా గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్ళు. ఆడపురుగు పిల్లి ఒంటి మీద ఉండి రక్తం తాగుతూ రోజుకి నలభై, యాభై గుడ్ల దాకా పెడుతుంది. గుడ్డుకి జిగురు ఉండదు. పిల్లి దులుపుకుంటే చాలు, నేల మీద రాలిపోతుంది. పిల్లి ఎక్కడ ఎక్కువసేపు పడుకుంటే అక్కడ ఎక్కువ రాలతాయి. మీ గోనెసంచులు అన్నమాట.

గుడ్డులోంచి వచ్చే పిల్ల పురుగు సన్నటి తెల్లదారం ముక్కలా ఉంటుంది. కుట్టదు, రక్తం పీల్చదు. పెద్ద పురుగులు రక్తం తాగి విడిచిన మలం నల్లటి పొడిగా కింద రాలుతుంది చూడండి, అదే దాని తిండి. వెలుగంటే పడదు. గచ్చు పగుళ్ళలోకి, చాప కిందకి, తలుపు చట్రం సందుల్లోకి దూరిపోతుంది. తర్వాత పట్టుతో చిన్న గూడు కట్టుకుంటుంది. ఆ గూటికి జిగురు ఉంటుంది కనక దుమ్మూ ఇసకా అంటుకుని నేలలో కలిసిపోయి కంటికి ఆనదు. ఆ గూటిలో తయారైన పురుగు వెంటనే బయటికి రానక్కర్లేదు. పైన అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలేవరకూ నెలల తరబడి ఊరుకోగలదు. మీరు తలుపు తీసి నడిచేరు, ఆ అదురుకి అన్నీ ఒక్కసారి గూళ్ళు చీల్చుకుని లేచేయి. ఇన్నాళ్ళూ అవి ఏమీ తినలేదు, తినే అవసరం రాలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. గాలిలో తేమ యాభై శాతం కంటే తగ్గితే పిల్ల పురుగు ఎండి చచ్చిపోతుంది. మన డెల్టాలో వానాకాలం ఆ భాగ్యం లేదు. చుట్టూ కాలవలు, చేలు, చెరువులు, కొబ్బరి నీడ. అందుకే రాయలసీమలో చుట్టాలు చెప్పిన ఎండు పొడుల చిట్కాలు మన దగ్గర సరిగ్గా పనిచేయవు. పొడి తేమ పీల్చి గడ్డకట్టిపోతుంది.

పెంకుటిల్లు (అంబాజీపేట)

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్సండి. వెనక వసారాలో చూసేను. సంచుల కింద నల్లటి మిరియంపొడి లాంటిది పరుచుకుని ఉంది. అది ఎలకల రెట్ట అనుకున్నాం. ఇదేనా మీరు చెప్పిన మలం?

పశువైద్యం (పాలకొల్లు)

ఒక తెల్ల కాగితం తడిపి దాని మీద ఆ పొడి కొంచెం చల్లి చూడండి. కాసేపటికి చుట్టూ ఇటికరంగు చారలు దిగితే అది జీర్ణమయిన రక్తం, పురుగు మలమే. మామూలు మట్టి అయితే రంగు దిగదు. కుక్క వెన్ను మీద, తోక మొదట్లో దువ్వినప్పుడు రాలిన పొడికీ ఇదే పరీక్ష.

పెంకుటిల్లు (అంబాజీపేట)

చూసేనండి. ఎర్రగా దిగింది. కాగితం ఫోటో మా ఆవిడ దాచిపెట్టింది, ఊళ్ళో వాళ్ళకి చూపిస్తోంది. ఇప్పుడు పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పశువైద్యం (పాలకొల్లు)

ముందు ఆ సంచులు. దులపొద్దు, లాగొద్దు. పెద్ద ప్లాస్టిక్ కవరు పక్కన పరిచి నెమ్మదిగా దాన్లోకి చుట్టి మూతి బిగించి, పెరట్లో దూరంగా తగలెయ్యండి. పాత చాపలు, చిరిగిన బొంతలు, కొబ్బరి పీచు మెత్తలు ఏవి వసారాలో ఉన్నా అదే దారి. పనికొచ్చే దుప్పట్లు, గలేబులు మరిగే నీళ్ళలో సబ్బు వేసి నానబెట్టి ఉతికి ఎండెయ్యాలి.

తర్వాత నేల. వాక్యూమ్ క్లీనర్ దొరికితే అది అన్నిటికంటే మంచిది. గుడ్లని, మలాన్ని పీల్చేస్తుంది, ఆ అదురుకి గూళ్ళలోవి కూడా బయటికి వస్తాయి. బయటికొచ్చిన పురుగుకి మందు తగులుతుంది, గూటిలో ఉన్నదానికి తగలదు. అందుకే ఈ వరస తప్పకూడదు. ఊడ్చాక చెత్త సంచీ ఇంట్లో ఉంచకుండా మూట కట్టి పారేయండి. వాక్యూమ్ లేకపోతే చీపురుతో పొడిగా ఊడ్చి దుమ్ము లేపకుండా, తడి గుడ్డతో మూలమూలా తుడిచి ఆ గుడ్డని మరిగే నీళ్ళలో వెయ్యండి.

గచ్చు పగుళ్ళుంటే సిమెంటు పాలు పోసి పూడ్చండి. మట్టి నేలయితే పగుళ్ళు మట్టితో మెత్తి అలికేయండి. ఏళ్ళ తరబడి పగులు వదిలేసిన నేలలో ఎంత మందు కొట్టినా మళ్ళీ వస్తాయి.

మందు మాటకొస్తే, లైసెన్సు ఉన్న పురుగుల నివారణ వాళ్ళని పిలిచి, పెద్ద పురుగుని చంపే మందుతో పాటు పిల్ల పురుగుని ఎదగనీయని పైరిప్రాక్సిఫెన్ లేక మెథోప్రీన్ కలిపి కొట్టగలరా అని అడగండి. ఆ రెండోది లేకపోతే పని సగమే. వసారా, మంచాల కింద, గడపలు, అరుగుల సందులు ముఖ్యం. గోడలకి కొట్టి ప్రయోజనం లేదు, ఇవి నేల పురుగులు. కొట్టినది పూర్తిగా ఆరేవరకూ పిల్లల్ని రానీయొద్దు.

ఆ తర్వాత కూడా రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, కొత్తవి కనపడతాయి. మందు పనిచేయలేదని అనుకోవద్దు. గూళ్ళలోవి రోజుకి కొన్ని బయటికొచ్చి మందు మీద నడిచి చస్తాయి. చాలా ఇళ్ళలో మొదటి వారం ఉత్సాహంగా చేసి, రెండో వారంలో నాలుగు పురుగులు కనపడగానే విసుగొచ్చి వదిలేస్తారు. నేను చూసిన ఇళ్ళలో ఓడిపోయినవన్నీ అక్కడే ఓడిపోయేయి. ఇల్లు మళ్ళీ తాళం వేసుకుని వెళ్ళిపోకండి. రోజూ నడవండి, తిరగండి, ఊడవండి. ఖాళీ ఇంట్లో గూళ్ళు అలాగే ఉండిపోతాయి.

పూతరేకు (ఆత్రేయపురం)

మరి వేపపొగ బొత్తిగా దండగంటారా? మా పుట్టింట్లోనూ పెడతారండి.

పశువైద్యం (పాలకొల్లు)

దోమలు కొంతసేపు తగ్గుతాయమ్మా, కాదనను. కానీ పొగ పైకి పోతుంది, ఈ పురుగు పిల్లలు నేల పగుళ్ళలో ఉంటాయి. గూటి లోపలికి అసలు వెళ్ళదు. మీ అత్తగారు చేసినదాంట్లో నిజంగా పనికొచ్చింది, పొగ పెట్టడానికి ముందు గదులు ఖాళీ చేసి, సామాను ఎండలో పెట్టి, నేల కడగడం. ఆ పని మానకండి. ఉబ్బసం ఉన్నవాళ్ళ ఇంట్లో పొగ మాత్రం వద్దు.

పిల్లికూన (కాకినాడ)

ఒక్క మాట నేను కూడా. దయచేసి ఎవ్వరూ కుక్కల మందు పిల్లులకి వాడకండి. మా వీధిలో ఒకరు కుక్క మెడకి వేసే పర్మెత్రిన్ చుక్కలు పెంపుడు పిల్లికి వేసేరు. సాయంత్రానికి వణుకు, నోట్లో నురగ. తెల్లారి వరకూ ఆసుపత్రిలో సెలైను పెట్టి బతికించేరు. పర్మెత్రిన్‌ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి ఉండదు. పశువులకి పోసే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ ద్రావణాలు కూడా పిల్లి మీద వాడకూడదు. కుక్కకి వాడినా అది ఆరేవరకూ పిల్లిని దాని పక్కన పడుకోనీయొద్దు.

పిల్లులకి ఫిప్రోనిల్ చుక్కలు దొరుకుతాయి, బరువు చూసి డాక్టరు రాస్తారు. అది నాలుకకి అందని చోట, మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద వేయాలి. ఫిప్రోనిల్ కుందేళ్ళకి మాత్రం ప్రాణాంతకం. కుందేలు పెంచేవాళ్ళు గుర్తుంచుకోండి.

రెండు నెలలు కూడా నిండని పిల్లికూనలకి డాక్టరు చెప్పకుండా ఏ మందూ వేయొద్దు. గోరువెచ్చని నీళ్ళతో తడిపి, ముందు మెడ చుట్టూ సబ్బు నురగ రాయాలి. లేకపోతే పురుగులన్నీ మొహం మీదకి పరిగెడతాయి. తర్వాత సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, దువ్వెనని సబ్బునీళ్ళ గిన్నెలో ముంచాలి. వెంటనే పొడిగుడ్డతో తుడిచి వెచ్చగా పెట్టాలి. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటే ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంత చిన్న ఒంట్లో రక్తం ఎంత ఉంటుంది చెప్పండి, ఇవి తాగేసి కూనలు చచ్చిపోవడం నేను చూసేను.

నర్సమ్మ (రాజోలు)

పిల్లల దద్దుర్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి, కాలమిన్ రాయండి. రాత్రి నిద్ర పట్టనంత దురదైతే డాక్టరుని అడిగి వయసుకి తగ్గ సిట్రిజిన్ వాడండి. గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. మన దగ్గర ఉక్కకి, చెమటకి గోకిన పుండు ఊరికే చీము పడుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది కుట్టినందుకు కాదు, గోకినందుకు వస్తారు.

కుట్టిన కొన్ని రోజుల తర్వాత తగ్గని జ్వరం, తలనొప్పి, ఒంటి మీద సన్న దద్దుర్లు వస్తే సొంతవైద్యం చేయకండి. ఎలకల పురుగుల వల్ల వచ్చే టైఫస్ జ్వరం ఒకటి ఉంది, డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది. ఇంట్లో ఎలకలు, ఈ పురుగులు ఉన్నాయని డాక్టరుకి మీరే చెప్పాలి, చెప్పకపోతే ఆయనకి తట్టకపోవచ్చు. స్క్రబ్ టైఫస్ దీనివల్ల రాదు. అది పొదల్లో, గడ్డిలో ఉండే మరో సన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది, కుట్టినచోట చాలామందికి నల్లటి చెక్కు కడుతుంది.

ఇంకోటి. చిన్నపిల్లలు ఆడుతూ ఆడుతూ ఈ పురుగుని నోట్లో వేసుకుంటే కుక్కల బద్దెపురుగు కడుపులో పెరగొచ్చు. దొడ్డికెళ్ళినప్పుడు బియ్యపుగింజల్లాంటి ముక్కలు కదులుతూ కనపడతాయి. బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రని నమ్ముకోవద్దు, దీనికి ప్రాజిక్వాంటెల్ రాస్తారు. కుక్కకీ పిల్లికీ కూడా అదే సమయంలో వేయించాలి.

కొష్టం (రావులపాలెం)

మాకు ఆవుదూడ, రెండు కుక్కలు ఉన్నాయండి. కుక్కలకి సూది వేయిస్తే అన్నీ పోతాయని ఐవర్‌మెక్టిన్ వేయించేరు. పిడుదులు కొన్ని తగ్గేయి, ఎగిరేవి మాత్రం అలాగే ఉన్నాయి. దూడ కూడా రాత్రంతా కాలు కొడుతోంది. మంచంకోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టుకుని పడుకుంటున్నాం.

పశువైద్యం (పాలకొల్లు)

పిడుదు వేరు, ఇది వేరు. పిడుదు పట్టుకుని ఉబ్బుతుంది, ఎగరదు. ఐవర్‌మెక్టిన్‌కి ఎగిరే పురుగులు సరిగ్గా లొంగవు. కోలీ జాతి, దానితో కలిసిన కుక్కలకి ఆ సూది ప్రమాదం కూడా. పిడుదులకి వాడే అమిట్రాజ్ కూడా వీటి మీద పనిచేయదు. చాలామంది ఆ సీసా కొని స్నానాలు చేయించి, తగ్గలేదని బాధపడతారు.

కుక్కకి ఇప్పుడు నోటి మాత్రలు వచ్చేయి. అఫాక్సోలానర్ నెలకొకటి, ఫ్లురలానర్ ఒకటి వేస్తే దాదాపు 12 వారాలు. ఖరీదే, కానీ గట్టిగా పనిచేస్తాయి. మూర్ఛ వచ్చే కుక్కలకి మాత్రం డాక్టరుకి చెప్పకుండా వేయొద్దు. రెండు కుక్కల్లో ఒకదానికి వేసి రెండోదాన్ని వదిలేస్తే డబ్బు వృథా. ఇంట్లో ఉన్న ప్రతి జంతువుకీ ఒకే రోజు.

నీళ్ళ గిన్నెలు నల్లులకీ చీమలకీ పనికొస్తాయి. ఇవి ఎగిరే పురుగులు, గిన్నెలో నీళ్ళు వీటిని ఆపవు. మంచం కింద కుక్క పడుకుంటోందేమో చూడండి.

దూడ కొష్టంలో కింద వేసే పాత గడ్డి, తినగా మిగిలిన ఊచ మొత్తం తీసి ఎరువుగుంటలో వేయండి. రెండు రోజులు నేల ఎండనిచ్చి, పొడి సున్నం చల్లి ఊడ్చి, అప్పుడు కొత్త గడ్డి వేయండి. కుక్క కొష్టంలో పడుకునే అలవాటుంటే ఆ మూలనే ఎక్కువ చూడాలి. దూడకి మందు మీ ఊరి పశువుల డాక్టరు గారు చూసి చెప్పాలి. కదల్చలేని పరిస్థితైతే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేసి అడగండి.

వెనామీ (భీమవరం)

నాకు భయం వేసే సంగతి చెప్తాను. చెరువు గట్టు మీద కాపలాకి మూడు కుక్కలు ఉంటాయి. పాకలో కుర్రాళ్ళకి కాళ్ళనిండా కాట్లు. ఎవరో పశువుల డెల్టామెత్రిన్ సీసా ఇచ్చి కుక్కలకి స్నానం చేయించమన్నారు. కుర్రాడు బకెట్‌తో చెరువు మెట్ల దగ్గరికే బయల్దేరేడు. నేను చూసి ఆపేను. మా రొయ్యకి ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరా? పక్క చెరువువాళ్ళు కూడా ఇలాగే చేస్తుంటారు.

పశువైద్యం (పాలకొల్లు)

ఆపడం చాలా మంచి పని చేసేరు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, పర్మెత్రిన్, ఫిప్రోనిల్ అన్నీ రొయ్యకీ పీతకీ విషం. పురుగు నరాల మీద పనిచేసే మందు రొయ్య నరాల మీదా పనిచేస్తుంది, రెండూ ఒక వంశానివే. నీటిలో అతి కొద్ది పాళ్ళున్నా రొయ్యకి ముప్పు. పురుగు పిల్లని ఎదగనీయని పైరిప్రాక్సిఫెన్, మెథోప్రీన్ కూడా రొయ్యపిల్లకి మంచివి కావు. చేపలకి కూడా పైరెత్రాయిడ్లు, అంటే డెల్టామెత్రిన్ జాతి మందులు, పడవు.

గట్టు మీద కుక్కలకి నోటి మాత్రలే వాడండి. ఒంటి మీద మందు ఉండదు, కుక్క నీళ్ళలో దిగినా కడిగిపోయేది ఏమీ లేదు. మెడ మీద చుక్కలు వేసిన కుక్కని కనీసం రెండు రోజులు నీళ్ళలో దిగనీయకూడదు, కాపలా కుక్కతో అది కుదిరే పని కాదు. పాకలో నేలకి మందు కొట్టాల్సి వస్తే గాలి చెరువు వైపు లేనప్పుడు, చేతి పంపుతో సందుల్లోకి మాత్రమే. పంపు కడిగిన నీళ్ళు చెరువులో గానీ, నీళ్ళు పెట్టే బోదెలో గానీ, పంట కాలవలో గానీ పోయకూడదు. ఆ కాలవ నీళ్ళే కింద ఊళ్ళో ఇంకొకరి చెరువుకి పెడతారు.

నా మాట వింటే పాకకి మందు కంటే కుక్కల పడక మార్చడం మేలు. గోనె, గడ్డి తీసేసి నులక మంచం లాంటి ఎత్తుబల్ల వెయ్యండి, కింద నేల రోజూ ఊడ్చేలా.

వెనామీ (భీమవరం)

అర్థమయింది. మా ఏరియాలో రైతుల గ్రూపులో కూడా ఇది పెడతాను. గట్లకి గడ్డిమందు కొట్టేటప్పుడు చూపించే జాగ్రత్త కుక్కల మందు దగ్గర ఎవరూ చూపించట్లేదు.

ఎలకలబుట్ట (నిడదవోలు)

ఇంట్లో ఎలకలు చచ్చినప్పుడు కూడా ఇవి వస్తాయని విన్నాను, నిజమేనా? మా గాదె గదిలో మందు పెట్టేం, చచ్చిన ఎలకలు ఎక్కడున్నాయో తెలీదు. రెండు రోజులకి కాళ్ళకి కుట్టడం మొదలయింది.

పశువైద్యం (పాలకొల్లు)

నిజమే. ఎలక ఒళ్ళు చల్లబడగానే దాని మీది పురుగులు దిగి వేరే ఒంటిని వెతుక్కుంటాయి. గాదె గదిలో ఎలకలు ఎక్కువగా ఉంటే మందు పెట్టే ముందే నేలకి పురుగుమందు చూసుకోవాలి. లేకపోతే బుట్టలు పెట్టేవాళ్ళని పిలిచి బతికుండగా పట్టించడం మంచిది. చచ్చిన ఎలకని చేత్తో ముట్టుకోకుండా కవరు తొడుక్కుని తీసి లోతుగా పాతెయ్యండి. ధాన్యం మీద మాత్రం మందు పడకూడదు.

ప్లేగుని మోసే పురుగు కూడా ఈ ఎలక పురుగే కాబట్టి భయపడతారు. 1994లో సూరత్ ఉదంతం చాలామందికి గుర్తుంది. మన దగ్గర ఇప్పుడు ప్లేగు ఉందని నేను అనట్లేదు. కానీ మందు పెట్టకుండానే ఊళ్ళో ఎలకలు గుంపులుగా చచ్చి పడితే పి.హెచ్.సి.లో చెప్పడం మన బాధ్యత.

పెంకుటిల్లు (అంబాజీపేట)

అందరికీ ఇంతవరకూ జరిగింది చెప్తాను. సంచులూ పాత చాపలూ కాల్చేం. గచ్చు పగుళ్ళు మేస్త్రీ పూడ్చేడు. రాజమండ్రి నుంచి పురుగుల నివారణ వాళ్ళు వచ్చి, మీరు చెప్పిన రెండు రకాలూ కలిపి కొట్టేరు. పెళ్ళి చుట్టాలకి ఎదురింటి డాబా మీద పక్కలు వేసేం. నాన్నగారు మాత్రం పొద్దున్నా సాయంత్రం ఇల్లంతా తిరిగి, వసారాలో ఒక గంట కూర్చుని వస్తున్నారు, తెల్ల మేజోళ్ళు మోకాళ్ళదాకా తొడుక్కుని. గూళ్ళలోవి లేపడానికి అదే మంచి మందని ఆయన నమ్మకం.

రాత్రిళ్ళు మా తమ్ముడు వసారా నేల మీద పళ్ళెంలో నీళ్ళు పోసి, గిన్నెలు తోమే సబ్బుచుక్కలు వేసి, పైన చిన్న బల్బు వేలాడదీసేడు. వెలుగు చూసి ఎగిరి నీళ్ళలో పడి మునిగిపోతున్నాయి. మొదట్లో పళ్ళెం అడుగున నల్లగా పేరుకునేవి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. మూడో వారంలో మళ్ళీ కొన్ని ఎక్కువయ్యేసరికి అమ్మ బెంగపెట్టుకుంది. మీ పోస్టు చదివి వినిపించేను.

పశువైద్యం (పాలకొల్లు)

ఆ పళ్ళెం ఉంచండి. దానితో ఇల్లు శుభ్రపడదు గానీ, తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో చెప్పే మంచి కొలత. వరసగా కొన్ని రాత్రులు ఏమీ పడకపోతే అప్పుడు పిల్లల్ని నేల మీద పడుకోబెట్టండి. వసారాకి జాలీ తలుపు పెట్టించండి. పిల్లి మళ్ళీ ఈనడానికి చోటు వెతుక్కుంటుంది.

లంకలోవాణ్ణి (పి.గన్నవరం)

మా పరిస్థితి వేరండి. వరద వస్తే మేకలూ కుక్కలూ మనుషులూ అంతా ఏటిగట్టు మీద ఒక్క టార్పాలిన్ కిందే. 2022 జులై వరదలో అలాగే ఉన్నాం. నీళ్ళు తీసేక ఇంటికెళ్తే మేకపిల్లల ఒంటినిండా ఈ పురుగులు, పాలు తాగే ఓపిక కూడా లేదు వాటికి. ఇళ్ళు కడగడానికి, ఆరబెట్టడానికి నానా తంటాలు. ఈసారి ముందే ఏమైనా చేసుకోవచ్చా?

పశువైద్యం (పాలకొల్లు)

చేసుకోవచ్చు. వరదల కాలానికి ముందే, జూన్‌లో మందకి ఒకసారి డాక్టరు గారు చెప్పిన మందు పట్టించండి, కుక్కలకీ ఆ రోజే. గట్టు మీద ఉన్నప్పుడు మేకల కట్టుకొయ్యలు మనుషుల పక్కలకి వీలైనంత ఎడంగా కొట్టండి, కుక్కని మేకల వైపే కట్టండి. పడుకునే టార్పాలిన్ పగటిపూట దులిపి, ఎండ తగిలేలా తిరగెయ్యండి. ఎండ కాసిన నేల మీద ఈ పిల్ల పురుగు బతకదు, నీడలోనే బతుకుతుంది.

మేకపిల్ల కింది కనురెప్ప లాగి చూడండి. ఎర్రగా ఉంటే పర్వాలేదు. తెల్లగా ఉంటే రక్తం పోయిందని అర్థం. పురుగుల మందుతో ఆగకుండా కడుపులో పురుగులకీ చూపించాలి, వరద గడ్డి తిన్న మేకలకి అవి కూడా ఉంటాయి. ఇంటికి తిరిగొచ్చాక మేకల పాకలో ఒండ్రు గీకి తీసేసి నేల ఆరేకే మేకల్ని తోలండి. తడి ఒండ్రు మీద సున్నం చల్లొద్దు, ఆరేక చల్లి ఊడ్చెయ్యండి.

లంకలోవాణ్ణి (పి.గన్నవరం)

మా లంకలో మేకలున్న ఇళ్ళు ముప్ఫైకి తక్కువుండవు. ఒక్కడినే పట్టిస్తే లాభం లేదు కదా. అందరితో మాట్లాడి ఒకే రోజు పెట్టిస్తాం, డాక్టరు గారు రేవు దాటి వస్తారేమో రేపే వెళ్ళి అడుగుతాను.